ఎంతమందిని ప్రభువు దగ్గరికి నడిపించావమ్మా అని అడిగినవాళ్లకు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం విదేశాల్లో టీచర్, లెక్చరర్ ఉద్యోగాల గురించి మీరు వేసిన పేజీ చదివాను. జీతం ఎంత, వీసాకి ఏం కావాలి, సర్టిఫికెట్లు ఎలా అటెస్ట్ చేయించుకోవాలి, అన్నీ ఉన్నాయి. అక్కడ దిగాక ఎలా మసలుకోవాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఇథియోపియాలో, పశ్చిమాన ఉన్న నెకెమ్తె అనే ఊళ్లో ఆరేళ్లు కాలేజీ పిల్లలకి లెక్కలు చెప్పి వచ్చినదాన్ని, అందుకే రాస్తున్నాను.

మాది గుంటూరు, తాతల కాలం నుంచి లూథరన్ సంఘం. ఒకప్పుడు మన యూనివర్సిటీల నుంచి, ఇంజినీరింగ్ కాలేజీల నుంచి చాలామంది ఇథియోపియా వెళ్లారు, ఆ వరసలోనే నేనూ వెళ్లాను. బయల్దేరే ముందు గుళ్లో నాకోసం ప్రార్థన పెట్టి, దేవుడు నిన్ను ఆఫ్రికాకి మిషనరీగా పంపుతున్నాడమ్మా అన్నారు పెద్దలు. నేనూ అదే నమ్మాను. తిరిగొచ్చాక ప్రతివాళ్లూ అడిగిందొకటే, ఎంతమందిని ప్రభువు దగ్గరికి నడిపించావు అని. అప్పుడు ఏమీ చెప్పలేక ఊరుకున్నాను.

ఇథియోపియాలో అక్సుమ్ రాజు ఎజానా క్రైస్తవం పుచ్చుకున్నది నాలుగో శతాబ్దంలో. మన గుంటూరుకి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చింది 1842లో. ఇథియోపియాలోనే లాలిబెలా అనే ఊళ్లో కొండరాయిని పైనుంచి కిందికి తొలిచిన 11 గుడుల్లో ఎనిమిది వందల ఏళ్లుగా ఆరాధన జరుగుతోంది. అంత దూరం ఎందుకు, నేనున్న నెకెమ్తెనే తీసుకోండి. చిన్నతనంలోనే బానిసగా అమ్ముడుపోయి, విడుదలై, స్వీడన్ వెళ్లి చదువుకుని, ఆస్టర్ గన్నో అనే ఆవిడ సాయంతో బైబిలు మొత్తాన్ని ఒరోమో భాషలోకి తెచ్చిన ఒనెసిమోస్ నెసిబ్ పనిచేసిందీ, 1931లో కన్నుమూసిందీ ఆ ఊళ్లోనే. ఆ బైబిలు అచ్చయింది 1899లో. అలాంటి ఊరికి నేను కొత్తగా మోసుకెళ్లే సువార్త ఏముంటుంది చెప్పండి?

ఇది నాకు వెళ్లిన మర్నాడే తెలియలేదు, తెలియడానికి రెండేళ్లు పట్టింది. మొదట్లో అంతా టెన్షనే. మూడింటికి మీటింగ్ అన్నారని మధ్యాహ్నం మూడింటికి వెళ్తే గదికి తాళం వేసి ఉంది. అక్కడ గంటల లెక్క పొద్దు పొడిచినప్పటి నుంచి మొదలవుతుంది, వాళ్ల మూడంటే మన ఉదయం తొమ్మిది. బైబిలు కాలంలోనూ పగటి గంటలు ఇలాగే లెక్కపెట్టేవాళ్లని సండేస్కూల్లో నేనే పిల్లలకి చెప్పేదాన్ని, తీరా ఆ లెక్కతో బతికే ఊరికి వెళ్లాక నాకే తట్టలేదు. సంవత్సరానికి 13 నెలలు, కొత్త సంవత్సరం సెప్టెంబరులో, క్రిస్మస్ జనవరి 7న. మొదటి ఏడాది డిసెంబరు 25న నేను పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్ చేస్తూ నిలబడ్డాను. సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే వెనకాల పిల్లలు పాటలు పాడుతున్నారు, అమ్మ గొంతు వినగానే ఏడ్చేశాను.

మేము నలభై శ్రమదినాలు పాటిస్తాం అనుకునేదాన్ని. మా డిపార్ట్‌మెంట్‌లో, ఆర్థడాక్స్ అనే అక్కడి పాత క్రైస్తవ సంఘానికి చెందిన మేడమ్ ఒకావిడ ఈస్టరుకు ముందు 55 రోజులు మాంసం, పాలు, గుడ్డు ఏదీ ముట్టదు, మిగతా ఏడాదిలో కూడా దాదాపు ప్రతి బుధ, శుక్రవారాలు అంతే. ఆవిడతో వాళ్ల గుడికి వెళ్తే, అందరూ చెప్పులు బయట విడిచి, ఆడవాళ్లంతా తెల్లటి నెతెలా తలమీద కప్పుకుని నిలబడి ఉన్నారు. నేనూ అలవాటుగా చెప్పులు విడిచి చీరకొంగు తలమీదికి లాక్కున్నాను. పక్కనున్న ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి జరుపుకుంది. ఇక నేను వెళ్లే మెకానె యేసుస్ సంఘం మాలాగే లూథరన్ సంప్రదాయమే. ఒరోమో ఒక్క ముక్క రాకపోయినా ప్రభువు ప్రార్థన దగ్గర మాత్రం నాకు తెలిసిపోయేది, నా పాటికి నేను తెలుగులో చెప్పుకునేదాన్ని.

అన్నిటికన్నా కష్టమైంది తిండి దగ్గర. ఇంజెరా పులిసిన అట్టులాగా ఉంటుంది, బెర్బెరె కారం గుంటూరు మనిషికి లెక్కలోది కాదు, అది కాదు నేను చెప్పేది. ఒకే పళ్లెంలో అందరూ కలిసి తింటారు. పైగా గుర్షా అని, ముద్ద చుట్టి ఎదుటివాళ్ల నోట్లో పెడతారు. ఒక స్టూడెంట్ ఇంటికి పిలిస్తే వాళ్లమ్మ నాకు ముద్ద పెట్టబోయింది, నేను ఎంగిలి అని ఠక్కున తల వెనక్కి తీసుకున్నాను. ఆవిడ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, కాఫీ పెట్టారు, అక్కడ మూడు విడతలు పోస్తారు, మూడోది తాగకుండానే లేచాను, ఆ మూడోదాన్ని బరకా అంటారనీ, బరకా అంటే ఆశీర్వాదమనీ తర్వాత తెలిసింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మా నాయనమ్మ మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని గోరుముద్దలు పెట్టినప్పుడు లేని ఎంగిలి ఇక్కడెక్కడినుంచి వచ్చింది? తర్వాతి వారం నేనే వాళ్లింటికి వెళ్లి ఆవిడ ముందు నోరు తెరిచాను.

క్లాసులో మతం మాట్లాడలేదు. చదువు మతప్రభావం లేకుండా చెప్పాలని ఆ దేశ రాజ్యాంగంలోనే ఉంది, నా క్లాసులో ఆర్థడాక్స్, మెకానె యేసుస్, ముస్లిం పిల్లలు పక్కపక్కన కూర్చునేవాళ్లు. రంజాన్ నెలలో సాయంత్రం పెట్టాల్సిన టెస్టులు పొద్దున్నే పెట్టాను. దాన్ని సాక్ష్యం అంటారో లేదో మీ ఇష్టం.

పెద్దలు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదే. నేనెవర్నీ నడిపించలేదు. ఆరేళ్లూ వాళ్లే నన్ను నడిపించారు.

ఇప్పుడు ఇది ఎందుకు రాస్తున్నానంటే, నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి పోయినేడాది పీహెచ్‌డీకి మన రాష్ట్రానికే వచ్చాడు. గుంటూరులో గది కోసం ఇద్దరం మూడు వారాలు తిరిగాం. బోర్డు వేలాడుతున్న ఇళ్లలోనే, అబ్బాయిని చూడగానే, నిన్ననే ఇచ్చేశామండీ అన్నారు. కొందరు మొహం మీదే నల్లవాళ్లకి ఇవ్వం అన్నారు. అందులో క్రైస్తవుల ఇళ్లూ ఉన్నాయి, అది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ఆటోలో వెళ్తుంటే పక్కనుంచి బైకులమీద కుర్రాళ్లు సెల్‌ఫోన్లతో వీడియోలు తీశారు. గుడికి తీసుకెళ్తే అతను కూర్చున్న బెంచీలో ఎవరూ కూర్చోలేదు. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, ప్రేమగానే, మీ దేశంలో యేసుక్రీస్తు గురించి తెలుసా బాబూ అని అడిగాడు. ఆ అబ్బాయి నావైపు చూసి, తెలుసండీ అన్నాడు, అంతే.

ప్రస్తుతం మా ఇంట్లోనే మేడమీద ఉంటున్నాడు. విదేశీ ఉద్యోగాల పేజీ వేసినట్టే, మన దగ్గరికి చదువుకోడానికి వచ్చిన పిల్లలు ఎలా ఉంటున్నారో ఒక పేజీ వేయమని మీ విలేఖరులని కోరుతున్నాను. ఇంకో మాట. జూన్‌లో మరో ఇద్దరు వస్తున్నారు. బ్రాడీపేట, అరండల్‌పేట వైపు చిన్న వంటగదితో రెండు గదులు ఎవరైనా ఇవ్వగలిగితే అద్దె నెలనెలా అందే పూచీ నాది. వాళ్లు ఆర్థడాక్స్ పిల్లలు, బుధ, శుక్రవారాలు గుడ్డు కూడా ముట్టరు, కాఫీ గింజలు మాత్రం ఇంట్లోనే వేయించుకుంటారు, ఆ వాసన వీధంతా వస్తుంది, ఇల్లుగలవాళ్లకి ముందే చెప్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్, గుంటూరు