ఛాతీ నొప్పికి రెండో రక్త పరీక్ష తప్పనిసరి చేయాలి

సంపాదకులకు నమస్కారం.

ఛాతీ నొప్పితో వచ్చినవారికి ఈసీజీ తీసి, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ రక్త పరీక్ష ఒక్కసారి చేసి, ‘నెగెటివ్’ వచ్చిందంటూ గ్యాస్ మాత్ర ఇచ్చి ఇంటికి పంపడం మన చిన్న పట్టణాల ఆసుపత్రుల్లో ఇప్పటికీ కనిపిస్తోంది. బయోకెమిస్ట్రీ బోధనలోనూ ల్యాబ్ పనిలోనూ ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిగా, ఈ పద్ధతి ఎందుకు ప్రమాదకరమో మీ పాఠకులకూ వైద్య ఆరోగ్య శాఖకూ వివరించాలని ఈ లేఖ రాస్తున్నాను.

గుండె కండరం ముడుచుకోవడానికి తోడ్పడే ప్రోటీన్లలో ట్రోపోనిన్ ఒకటి. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి కండరానికి ఆక్సిజన్ అందక కణాలు దెబ్బతిన్నప్పుడు ఇది రక్తంలోకి చేరుతుంది. అయితే పాత తరహా పరీక్షలు పసిగట్టగలిగేంత మోతాదు చేరడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు గంటలు పడుతుంది. కాబట్టి నొప్పి మొదలైన గంటలోపే పరుగున వచ్చిన రోగికి గుండెపోటు ఉన్నా ఫలితం నెగెటివ్‌గా రావచ్చు. ఆలస్యం చేయవద్దని ఇన్నేళ్లుగా మనం చెబుతున్న మాట విని త్వరగా వచ్చినవారే ఇలా మోసపోవడం నన్ను ఎక్కువగా బాధిస్తోంది. చాలాచోట్ల వాడే కార్డు పరీక్ష గీత ఉందా, లేదా అన్నంతవరకే చెబుతుంది. స్వల్ప మోతాదులను అది పట్టుకోలేదు, పెరుగుదలను చూపలేదు.

గుండెపోటును రక్తంలో గుర్తించే ప్రయత్నం కొత్తది కాదు. ఈనాడు లివర్ పరీక్షల్లో కనిపించే ఎస్‌జీఓటీ అనే ఎంజైమ్, గుండెపోటులో పెరుగుతుందని 1954లోనే అమెరికా వైద్యులు చూపారు. ఆ తర్వాత సీకే-ఎంబీ అనే మరో ఎంజైమ్ పరీక్ష వచ్చింది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో హ్యూగో కాటుస్ బృందం 1980వ దశకం చివర ట్రోపోనిన్‌లో ఒక రకమైన ట్రోపోనిన్-టి పరీక్షను రూపొందించాక, గుండె కండరానికే ప్రత్యేకమైన సూచిక చేతికి అందింది. ఇప్పుడున్న హై సెన్సిటివిటీ (అతి సూక్ష్మ మోతాదులను పసిగట్టే) పరీక్షలు లీటరు రక్తంలో కొన్ని నానోగ్రాముల ట్రోపోనిన్‌ను కూడా కొలుస్తాయి. ట్రోపోనిన్-టి విషయంలో ఆరోగ్యవంతుల గరిష్ఠ పరిమితి లీటరుకు 14 నానోగ్రాములు. ఇంత సూక్ష్మంగా కొలవగలగడం వల్లనే, మొదటి నమూనా తీసిన గంటకో రెండు గంటలకో మరో నమూనా తీసి, రెండింటి మధ్య తేడాను బట్టి నిర్ణయించడం సాధ్యమైంది. ఐరోపా హృద్రోగ వైద్యుల సంఘం 2015లోనే ఈ గంట వ్యవధి పద్ధతిని తన మార్గదర్శకాల్లో చేర్చింది. మరీ త్వరగా వచ్చినవారికి, ఫలితం తేలనివారికి మూడు గంటల తర్వాత ఇంకోసారి చూడాలి. 2018 నాటి అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం కూడా గుండెపోటు అనాలంటే ట్రోపోనిన్ పెరగడమో తగ్గడమో కనిపించాలి, దానితోపాటు లక్షణాలో, ఈసీజీ మార్పులో, ఇతర ఆధారాలో ఉండాలి.

మా శ్రీకాకుళం జిల్లాకు ఇది మరింత ముఖ్యం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి ఉద్దానం మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎంత విస్తృతంగా ఉందో పాఠకులకు తెలిసిందే. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో గుండెపోటు లేకపోయినా ట్రోపోనిన్ ఎప్పుడూ ఎక్కువగానే ఉండవచ్చు. అటువంటి రోగికి ఒక్క పరీక్ష చేసి ‘పాజిటివ్’ అంటే, కుటుంబం అప్పు చేసి విశాఖపట్నం పరుగెత్తవలసి వస్తుంది. ‘కిడ్నీ రోగికి ఇది మామూలే’ అని కొట్టిపారేస్తే, నిజంగా గుండెపోటు వచ్చినవారు దక్కకుండా పోవచ్చు. ఈ చిక్కును చాలావరకు విడదీయగలిగేది రెండో నమూనాయే.

ఈసీజీలో ఎస్‌టీ ఎలివేషన్, అంటే గీతలో ఎస్‌టీ అనే భాగం పైకి లేవడం, స్పష్టంగా కనిపిస్తే మాత్రం రక్త పరీక్ష కోసం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ఇలాంటి గుండెపోట్ల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన స్టెమీ కార్యక్రమం కింద గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. అది ఎంతో మేలు చేసే ఏర్పాటు. కానీ ఈసీజీలో ఆ మార్పు లేని గుండెపోట్లు కూడా చాలా ఉంటాయి. ఆ రోగుల విషయంలో నిర్ణయం ప్రధానంగా ట్రోపోనిన్ మీదనే ఆధారపడుతుంది. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో, వృద్ధులలో ఛాతీ నొప్పికి బదులు ఆయాసం, చెమటలు, దవడ నొప్పి మాత్రమే ఉండవచ్చు కాబట్టి వారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

ప్రభుత్వానికి నా విన్నపాలు ఖర్చుతో కూడినవే అయినా అసాధ్యమైనవి కావు. కనీసం ఏరియా ఆసుపత్రుల స్థాయి నుంచి హై సెన్సిటివిటీ పరీక్ష రాత్రీపగలూ అందుబాటులో ఉండాలి. నొప్పి మొదలైన సమయం, నమూనా తీసిన సమయం, ఏ రకం పరీక్ష అన్నవి ప్రతి రిపోర్టులోనూ రాయాలి. ఒక పద్ధతిలో వచ్చిన అంకెను మరో పద్ధతిలో వచ్చిన అంకెతో పోల్చలేము కాబట్టి, రోగిని పెద్దాసుపత్రికి పంపేటప్పుడు ఈ మూడు వివరాలూ లేకపోతే మొదటి పరీక్ష వృథా అవుతుంది. రెండో నమూనా ఫలితం వచ్చేవరకు రోగిని పరిశీలనలో ఉంచడానికి క్యాజువాలిటీలో మంచాలు కేటాయించాలి. నొప్పి మొదలై మూడు గంటలు దాటకముందు తీసిన ఒక్క నమూనా ఆధారంగా, ముఖ్యంగా కార్డు పరీక్ష ఆధారంగా, ఎవరినీ ఇంటికి పంపరాదని రాతపూర్వక ఆదేశం జారీ చేయాలి. ఈ ఆదేశం ప్రైవేటు నర్సింగ్ హోములకూ వర్తించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత బయోకెమిస్ట్రీ అధ్యాపకుడు,
శ్రీకాకుళం