ఇంధనం లేని కరెంటు అని రాసే ముందు రెండు మీటర్లు పెట్టి చూడండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మొన్న మీ జిల్లా పేజీలో ఒక పాలిటెక్నిక్ కుర్రాడు చేసిన 'ఇంధనం అక్కర్లేని జనరేటర్' గురించి ఫొటోతో వార్త వేశారు. చిన్న మోటారు, దానికి బెల్టుతో ఫ్లైవీల్ అనే బరువైన చక్రం, ఫ్లైవీల్‌కి ఆల్టర్నేటర్, అంటే తిప్పితే కరెంటు పుట్టించే మిషను. మొదట ఒక్కసారి కరెంటు ఇచ్చి తిప్పితే చాలు, ఆ తర్వాత ఆల్టర్నేటర్ కరెంటుతోనే మోటారు తిరుగుతుంది, మిగిలిన దాంతో బోరు కూడా నడుస్తుంది అని రాశారు. నాది కదిరిలో మోటారు వైండింగ్ షాపు. ఐటీఐ చదివి ఈ పనిలోకి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఆ వార్త పడిన దగ్గర్నుంచి రైతులు పేపరు ముక్క పట్టుకొచ్చి 'ఇట్లాంటిది మాకూ బిగించిస్తావా అన్నా' అని అడుగుతున్నారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అలాంటి మిషను పనిచేయదు. అది ఆ కుర్రాడి చేతిపనిలో లోపం కాదు. ఫొటోలో పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయి, బేస్ ఫ్రేము వెల్డింగు బాగుంది, రేపు నా షాపుకొస్తే పనిలో పెట్టుకుంటాను. కానీ మోటారు తాను తీసుకున్న కరెంటు మొత్తాన్ని తిప్పడంగా మార్చదు, ఆల్టర్నేటర్ తనకు అందిన తిప్పుడు మొత్తాన్ని కరెంటుగా మార్చదు. రెండుచోట్లా కొంత వేడిగా పోతుంది. పోయింది తిరిగి రాదు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. కిందటేడు ఓ రైతు సరిగ్గా ఇలాంటి సెట్టే ఎవరి దగ్గరో కొని, తిరగడం లేదని నా దగ్గరికి తెచ్చాడు. ఇంట్లో బంగారం కుదవపెట్టి కట్టిన డబ్బు అది. నేను బెల్టు మార్చలేదు, వైండింగ్ విప్పలేదు. మోటారుకి కరెంటు వెళ్లే దారిలో ఒక పాత సింగిల్ ఫేజ్ మీటరు, ఆల్టర్నేటర్ నుంచి బయటికొచ్చే దారిలో ఇంకొకటి పెట్టి, అవతల వంద వాట్ల పాత బల్బులు ఐదు వెలిగించాను. గంటసేపు నడిపితే మొదటి మీటరులో ఒక యూనిట్ తిరిగింది, రెండో దాంట్లో అర యూనిట్. మిగతా అర యూనిట్ ఎక్కడికి పోయిందని ఆయన అడిగితే మోటారు ఒంటి మీద చెయ్యి పెట్టమన్నాను. పెట్టి వెంటనే తీసేశాడు. బేరింగు దగ్గర, బెల్టు కింద, ఆల్టర్నేటర్ వెనక ఫ్యాను దగ్గర అన్నిచోట్లా అదే వేడి. బెల్టు రబ్బరు వాసన షాపంతా కొట్టింది. పోయిన అర యూనిట్ అదే.

మరి వీడియోల్లో బల్బు వెలుగుతోంది కదా అంటారు. అది ఫ్లైవీల్ పని. ఫ్లైవీల్ నీళ్ల గోలెం లాంటిది, పోసినంతే ఉంటుంది. లెక్క చెబుతాను. మీటరు వ్యాసం, వంద కిలోల బరువున్న ఇనప చక్రాన్ని నిమిషానికి 1,500 చుట్లు తిప్పితే దానిలో సుమారు 1.5 లక్షల జౌళ్ల (జౌల్ అంటే శక్తిని కొలిచే కొలత) శక్తి నిలవుంటుంది. 5 హెచ్‌పీ మోటారు సెకనుకు 3,730 జౌళ్ల పని చేస్తుంది. అంటే ఆ చక్రం ఒక బోరు మోటారును నడపగలిగేది మహా అయితే 40 సెకన్లు. అదే చక్రానికి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే తగిలిస్తే నిమిషాల తరబడి వెలుగుతుంది. వీడియో తీయడానికి అంత టైము చాలు.

బోరు సంగతి ఇంకా కష్టం. మా వైపు నీళ్లు ఆరొందల అడుగుల లోతుకి పోయిన ఊళ్లున్నాయి. అంత లోతు నుంచి వెయ్యి లీటర్లు పైకి తేవాలంటే, అసలు ఏ నష్టమూ లేకపోయినా అర యూనిట్ పడుతుంది. భూమి కిందికి లాగుతున్న బరువును పైకెత్తే ఖర్చు అది, దాన్ని ఏ తెలివితోనూ తగ్గించలేం. మన పాత పంపుసెట్లతో అయితే యూనిట్ దాటుతుంది. ఆ నీళ్లనే మళ్లీ కిందికి వదిలి టర్బైను తిప్పుకుందామంటే పెట్టిన దాంట్లో ఐదో వంతు వెనక్కొస్తే గొప్ప.

శ్రీశైలంలో నీళ్లు మళ్లీ ఎక్కించి కరెంటు తీస్తున్నారు కదా అని ఒక మాస్టారు అడిగారు. నిజమే. ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని 150 మెగావాట్ల యంత్రాలు ఆరూ రెండువైపులా తిరిగేవే, ఒకవైపు తిరిగితే కరెంటు తీస్తాయి, ఎదురు తిరిగితే నీళ్లు ఎక్కిస్తాయి. కానీ ఎక్కించడానికి వంద యూనిట్లు పెడితే దించేటప్పుడు సుమారు 75 నుంచి 80 వస్తాయి. అక్కరలేని వేళ మిగిలిన కరెంటును కొండ మీద నీళ్ల రూపంలో దాచి, అక్కరపడ్డ వేళ తీసుకోవడం దాని ఉపయోగం. అంత పెద్ద కేంద్రమే నష్టం భరించి నడుస్తుంటే, బెల్టూ పుల్లీతో లాభం తీస్తామంటే ఎట్లా నమ్మేది?

కరెంటు ఎక్కడినుంచి వస్తుందో చూపించడానికి మా పిల్లలకి దూరం పోవాల్సిన పని కూడా లేదు. ఎన్‌పీ కుంటలో సోలార్ పలకలున్నాయి, రామగిరి గుట్టల మీద గాలిమరలున్నాయి, ముద్దనూరు దగ్గర 1,650 మెగావాట్ల బొగ్గు కేంద్రముంది. ఎండ, గాలి, బొగ్గు: ప్రతిచోటా ఏదో ఒకటి లోపలికి వెళ్తేనే కరెంటు బయటికొస్తోంది. బొగ్గు కేంద్రంలోనైతే బొగ్గులో ఉన్న శక్తిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే తీగల్లోకి వస్తుంది, మిగతాదంతా కూలింగ్ టవర్ ఆవిరిలో, పొగగొట్టంలో వేడిగా పోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలను ఒక్కరోజు అక్కడ నిలబెడితే శక్తి కొత్తగా పుట్టదు, రూపం మాత్రమే మారుతుందనే శక్తి నిత్యత్వ నియమం వాళ్లు కంఠతా పట్టనక్కర్లేదు.

1775లోనే ఫ్రెంచి సైన్స్ అకాడమీ ఇలా ఆగకుండా తిరిగే యంత్రాల దరఖాస్తులు ఇక చూడబోమని తీర్మానించింది. మన 1970 పేటెంట్ల చట్టంలో కూడా, స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైన దానికి పేటెంటు లేదని సెక్షన్ 3(ఎ)లో ఉంది. 'పేటెంటుకి పెట్టాం' అని ఎవరైనా మీ విలేకరికి చెబితే ఈ సెక్షన్ చూపించమనండి.

నేను కోరేది ఇంతే. ఇకముందు ఇలాంటి వార్త వస్తే వేసే ముందు లైను కరెంటు పూర్తిగా తీసేయించి, లోపల బ్యాటరీ దాచలేదని చూసి, బల్బులు తగిలించి గదికి తాళం వేసి రాత్రంతా నడపమనండి. దగ్గర్లోని ఐటీఐ ఇన్‌స్ట్రక్టరునో, ఫిజికల్ సైన్స్ మాస్టారునో పక్కన ఉంచుకోండి. వేసిన వార్తకు సవరణ కూడా అదే పేజీలో, అంతే పెద్దగా వేయండి. ఎందుకంటే వార్త కటింగునే ల్యామినేషన్ చేయించి అమ్మేవాళ్లు ఊళ్ల మీదికి వస్తున్నారు.

రైతుకి నిజంగా కరెంటు ఆదా అయ్యే సంగతులు రాయండి. నాలుగైదు సార్లు కాలి రీవైండింగ్ అయిన మోటారు ఎంత తింటుందో, స్టార్ రేటింగ్ మోటారు ఎంత తింటుందో, 5 హెచ్‌పీకి సరిపడే కెపాసిటర్ పెడితే లైను మీద బరువు ఎట్లా తగ్గుతుందో, సన్నటి డెలివరీ పైపు వల్ల ఎంత పోతుందో చాలామందికి తెలియదు. వ్యవసాయానికి బిల్లు రాదు కాబట్టి ఆ నష్టం కళ్లకు కనబడదు. కరెంటు రాగానే ఆటోస్టార్టర్లతో మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, పైరు ఎండిన రోజున మాత్రం ఊరంతటికీ కనబడుతుంది.

ఆ కుర్రాడిని మీ విలేకరి ద్వారా నా దగ్గరికి పంపండి. నా రెండు మీటర్లూ ఇస్తాను, తన మిషనుకి తనే పెట్టి కొలుచుకోనివ్వండి. ఏం తేలితే అది వేయండి.

ఇట్లు,
ఒక మోటారు వైండింగ్ మెకానిక్,
కదిరి, శ్రీ సత్యసాయి జిల్లా.