నావిగేటర్‌తో ఈ పోలిక సబబేనా?

సంపాదకులు గారికి,

ఫోర్డ్ వారి విలాస కార్ల విభాగం లింకన్ తయారు చేసిన పాత మార్క్ ఎయిట్ కూపేను (రెండు తలుపుల కారును), అదే సంస్థ వారి నావిగేటర్ ఎస్‌యూవీని పోలుస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. రెండు తలుపుల విలాస కార్లకు కాలం చెల్లిందనీ, అన్నిటా నావిగేటర్‌దే పైచేయి అనీ వ్యాసకర్త తేల్చేశారు. అయితే ఆయన 1990ల నాటి కూపే పక్కన నిలబెట్టింది ఇంజిన్ శక్తిని పెంచే రెండు టర్బోలున్న నేటి నావిగేటర్‌ను. పోల్చదలిస్తే ఒకే కాలపు బండ్లను పోల్చాలి.

1993 మోడల్‌గా వచ్చిన మార్క్ ఎయిట్‌లో 32 వాల్వుల 4.6 లీటర్ల వీ8 ఇంజిన్ 280 హార్స్‌పవర్ ఇచ్చేది. నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ (ఒక చక్రం కుదుపు మరోదానికి సోకనిది), ఎయిర్ స్ప్రింగులు (గాలి నింపిన రబ్బరు స్ప్రింగులు) ఉండేవి. హైవేపై వేగం అందుకోగానే కారు తనంతట తానే కాస్త కిందికి దిగేది. 1998 మోడల్‌గా వచ్చిన మొదటి నావిగేటర్‌కు ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కే ఆధారం. వెనుక ఇరుసు ట్రక్కులకు ఉన్నట్లే ఏకఖండం, ఇంజిన్ 5.4 లీటర్లదైనా శక్తి 230 హార్స్‌పవరే, బరువు మాత్రం కూపే కంటే ఆరేడు వందల కిలోలు ఎక్కువ. మలుపుల్లోనూ, బ్రేకు వేసినప్పుడూ ఈ తేడా తెలియకుండా ఉంటుందా?

మరి కూపే ఎందుకు కనుమరుగైంది? జనం రెండు తలుపుల కార్లపై మోజు తగ్గించుకున్న మాట నిజమే. కానీ వ్యాసం ప్రస్తావించని కారణం చట్టంలో ఉంది. ఒక్కో కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీ గ్యాలనుకు 27.5 మైళ్లు (లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లు) ఉండాలని అప్పట్లో అమెరికాలో నిబంధన ఉండగా, నావిగేటర్ వంటివి తేలికపాటి ట్రక్కుల లెక్కలోకి వచ్చి 20.7 మైళ్లతో బయటపడ్డాయి. ఇంధనం అతిగా తాగే కార్లపై వేసే ప్రత్యేక పన్ను కూడా వీటికి లేదు. మార్క్ ఎయిట్ 1998లోనే ఆగిపోయింది గాని, ఆ తర్వాతా ఎస్‌యూవీలకు రాయితీలు అందుతూనే వచ్చాయి: స్థూల బరువు (మనుషులు, సామానుతో కలిపి అనుమతించిన గరిష్ఠ బరువు) 6,000 పౌండ్లు దాటిన ఎస్‌యూవీని వ్యాపారం పేరిట కొంటే, మొదటి ఏడాదే లక్ష డాలర్ల వరకు పన్ను లెక్కల్లో ఖర్చు కింద చూపుకునే వెసులుబాటును 2003లో కల్పించి, మరుసటి ఏడాది దాన్ని 25,000 డాలర్లకు కుదించారు. ఇంత అండ ఉన్న బండి గెలుపును కేవలం దాని గొప్పతనంగా ఎలా లెక్కిస్తాం?

నావిగేటర్‌కు దక్కాల్సిన మార్కులు దానికి దక్కాల్సిందే. మూడు వరుసల సీట్లు, మంచులో ఫోర్ వీల్ డ్రైవ్ మా మిషిగన్‌లో తేలిగ్గా తీసిపారేసేవి కావు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను కూపే వెనుక సీట్లో కూర్చోబెట్టడం ఎంత ప్రయాసో ఇక్కడి తెలుగు కుటుంబాలను అడిగితే చెబుతారు (చీర కట్టుకున్న పెద్దవారికైతే నావిగేటర్ మెట్టూ ఎత్తే, అది వేరే సంగతి).

వ్యాసం చదివి పాత మార్క్ ఎయిట్ కొనాలనుకునేవారికి అక్కరకొచ్చే విషయం ఒకటి అందులో లేదు. ఎయిర్ స్ప్రింగుల రబ్బరు వయసు మీద పడి పగులుతుంది, గాలి కారి రాత్రికి రాత్రే కారు కిందికి కూలబడుతుంది, దాన్ని లేపే ప్రయత్నంలో గాలి నింపే కంప్రెసర్ కూడా పాడవుతుంది. చాలామంది వాటిని తీసేసి మామూలు కాయిల్ స్ప్రింగులు వేయిస్తారు. అలా మార్చిన కారు హైవేపై కిందికి దిగదు కనుక, ఏ స్ప్రింగులున్నాయో చూసుకున్నాకే బేరమాడాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నోవై, మిషిగన్