కారు పొడవు కాదు, తాగే పెట్రోలు కొలవండి

సంపాదకులు గారికి,

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. మధ్యతరగతికి ఊరట అన్నారు, కాదనను. కానీ ఆ ఊరట ఏ బండ్లకు దక్కిందో హనుమకొండ షోరూముల్లో ఒకసారి తిరిగితే తెలుస్తుంది. పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ, పొడవు నాలుగు మీటర్లు దాటకపోతే చాలు, ప్రభుత్వ లెక్కలో అది చిన్న కారే. అందుకే కంపెనీలు సరిగ్గా 3995 మిల్లీమీటర్ల దగ్గర ఆపి మరీ ఎస్‌యూవీలు తయారు చేస్తున్నాయి. ఎనిమిది వందల కిలోలు కూడా లేని ఆల్టోకూ, టన్ను దాటిన ఆ బండికీ ఒకటే పన్ను!

పెట్రోలు తక్కువ తాగే కారు కోసం మా ఇంట్లో ఈమధ్య గట్టిగానే వెతికాం. మైలేజీ ఎంత అని అడిగితే సన్‌రూఫ్ చూపిస్తారు. చిన్న బండి చాలంటే, "ఈఎంఐ ఇంకో నాలుగు వేలు పెరుగుతుంది అంతే మేడమ్, పెద్దదే తీసుకోండి" అంటారు. ఆ పిల్లల్ని ఏమీ అనను, వాళ్ల టార్గెట్లు వాళ్లవి. అయితే ఈఎంఐ ఏదో ఒక రోజు తీరిపోతుంది, పెట్రోలు ఖర్చు బండి ఉన్నన్నాళ్లూ ఉంటుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంట్లో లీటరుకు 22 ఇచ్చే కారుకు 45 లీటర్లు పడితే, 15 ఇచ్చే దానికి 67 లీటర్లు పడుతుంది. లీటరు వంద రూపాయలే అనుకున్నా నెలకు రెండు వేల పైన తేడా.

కంపెనీలు చెప్పే మైలేజీ అబద్ధం కాదు, కానీ అది మన రోడ్ల మీద లెక్క కట్టింది కాదు. ఆల్టో కే10కు 24 పైన, సెలెరియోకు 26 పైన కూడా అని చెప్పే అంకెలు ప్రయోగశాలలో, కారును రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపి నడిపితే వచ్చినవి. మే నెల మధ్యాహ్నం కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ఇరుక్కున్నప్పుడు ఏసీ ఆపేవారు ఎవరైనా ఉన్నారా? పైగా ఊళ్లో బరువే అసలు సంగతి. హనుమకొండ చౌరస్తా నుంచి ఎంజీఎం ఆసుపత్రి దాకా ఆగుతూ కదులుతూ పోవాలి. బ్రేకు వేసిన ప్రతిసారీ అప్పటిదాకా కాల్చిన పెట్రోలు వేడిగా మారి పోతుంది, మళ్లీ ఆ బరువునంతా మొదటి నుంచి కదిలించాలి. బండి ఎంత బరువుంటే నష్టం అంత ఎక్కువ. మట్టెవాడ, గిర్మాజీపేట గల్లీల సంగతి వేరే చెప్పాలా, అక్కడ ఆల్టోకూ ఎస్‌యూవీకీ వెడల్పులో ఉన్న ఆ దాదాపు అడుగు తేడా మిగిలితేనే ఎదురుగా వచ్చే ఆటో పోతుంది.

ఫ్రిజ్ కొంటే, ఏసీ కొంటే మీద నక్షత్రాల స్టిక్కర్ ఉంటుంది. కరెంటు ఎంత కాలుస్తుందో చదువు రానివాళ్లకూ తెలుస్తుంది. వాటికన్నా ఎన్నో రెట్లు ఖరీదైన కారు అద్దం మీద అలాంటిది కనబడదు. ఊళ్లో ఏసీ వేసుకుని నడిపితే ఎంత, హైవే మీద ఎంత అని రెండు అంకెలు రాసి అంటించమని కేంద్రం ఆదేశిస్తే సేల్స్ వాళ్లు ఏం చెప్పినా కొనేవాళ్లు మోసపోరు.

రాష్ట్రం చేతిలో ఉన్నది లైఫ్ ట్యాక్స్, అంటే బండి రిజిస్ట్రేషన్ అప్పుడు ఒకేసారి కట్టే పన్ను. 2022లో సవరించిన స్లాబుల ప్రకారం ఐదు లక్షల లోపు కారుకు 13 శాతం, ఐదు నుంచి పది లక్షల దాకా 14 శాతం. ధర చూస్తారు, మైలేజీ చూడరు. తక్కువ తాగే చిన్న కారుకూ, దానికి రెట్టింపు ధర ఉన్న ఎస్‌యూవీకీ మధ్య తేడా ఒక్క శాతం! జపాన్‌లో 660 సీసీ ఇంజిన్, 3.4 మీటర్ల పొడవు దాటని కార్లకు ప్రత్యేక తరగతి పెట్టి, పన్నులు తగ్గించి నిలబెట్టుకున్నారు. మన మారుతి 800 అక్కడి ఆల్టో నుంచి వచ్చిందే. మన దగ్గర మాత్రం 800 పోయింది, నానో పోయింది, శాంత్రో పోయింది, 2023లో ఆల్టో 800 కూడా ఆగిపోయింది. ఇక సెకండ్ హ్యాండ్‌లో చూద్దామంటే, పాత ఇంజిన్లకు 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లోనే రాసింది.

చిన్న కారు ప్రాణానికి భద్రమా అని అడిగేవారి మాట నిజమే. ములుగు రోడ్డులో ఇసుక లారీల మధ్య నడిపేవారికి ఆ భయం ఉండి తీరుతుంది. 2023లో కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో, ఐదు నక్షత్రాలకు గాను పెద్దల భద్రతకు ఆల్టో కే10కు రెండు నక్షత్రాలు, వ్యాగన్‌ఆర్‌కు ఒకటే వచ్చాయి. 2025లో రెండింటికీ అన్ని మోడళ్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు, అది మంచి మార్పే. అందుకే పన్ను తగ్గింపును మైలేజీతో పాటు అలాంటిదే మన దేశంలో జరిపే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష నక్షత్రాలకు కూడా ముడిపెట్టాలంటాను. కంపెనీలు రెండూ చేసి చూపించాలి, పన్ను తగ్గింపు అప్పుడే పొందాలి.

ఇది కుదరని పని కాదు. విద్యుత్ వాహనాలకు 2024 నవంబరు నుంచి మన రాష్ట్రం లైఫ్ ట్యాక్స్ పూర్తిగా ఎత్తేసింది కదా, అప్పుడు ధర చూడలేదు. ఆ జీవో గడువు 2026 డిసెంబరు 31. దాని తర్వాత ఇచ్చే జీవోలో, ఎక్కువ మైలేజీ, మంచి నక్షత్రాలు ఉన్న పెట్రోలు, సీఎన్‌జీ చిన్న కార్లకు లైఫ్ ట్యాక్స్ సగానికి తగ్గించే స్లాబు ఒకటి చేర్చాలని రవాణా శాఖను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు,
వడ్డేపల్లి, హనుమకొండ