సీసా పేరు సరే, పూసే గుడ్డ ఏదో అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా కార్ల పెయింటు పని చేస్తున్నాను. మొదట్లో డెంటింగ్ షెడ్డులో లప్పం పట్టి రుద్దడం, ఆ తర్వాత స్ప్రే కొట్టడం, ఈ ఆరేడేళ్లుగా ఎక్కువగా పాలిషింగు, సిరామిక్ కోటింగు, అంటే పెయింటు మీద కాపుదలగా గట్టిపడే పలచటి పైపూత. పత్రికలో మోటారు పేజీ వచ్చిన రోజు మా షెడ్డులో అది చేతులు మారి మారి సాయంత్రానికి గ్రీజు మరకలతో నలిగిపోతుంది. అంత ఇష్టంగా చదువుతాం. కానీ కోటింగుల గురించి ఎప్పుడు చదివినా ఏ కంపెనీది, ఎన్నేళ్ల వారంటీ, ఎంత ఖర్చు అన్నవే ఉంటున్నాయి. ఆ మందును కారు ఒంటి మీద దేంతో పూస్తారన్నది ఒక్క ముక్క కూడా నా కంట పడలేదు. మా దగ్గరికి వచ్చేవాళ్లూ అంతే. 9హెచ్ (గట్టిదనానికి గుర్తు) ఉందా అని అడుగుతారు. దేంతో పూస్తావయ్యా అని ఇన్నేళ్లలో అడిగినవాళ్లు ముగ్గురో నలుగురో. నేను చూసినంతలో పని చెడేది మాత్రం ఎక్కువగా అక్కడే. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా నా చేతుల మీదుగా జరిగిన తప్పు చెప్పుకోవాలి. నాలుగేళ్ల కిందట మే నెలలో, రిటైరైన ఒక లెక్కల మాస్టారి నల్ల కారుకు కోటింగు ఒప్పుకున్నాను. రెండు రోజులు గీతలు అరగదీసే కాంపౌండు కొట్టి, పాలిష్ పెట్టి, ఒంటి మీద ఒక్క గీత లేకుండా తెచ్చాం. తీరా కోటింగు పూసే పూట, మందు పూసే స్వేడ్ గుడ్డలు (నూగు రాలని మెత్తటి మైక్రోఫైబర్ ముక్కలు) సగంలో అయిపోయాయి. బానెట్, ఎడమ పక్క రెండు డోర్లు పూసిన ముక్క నా చేతిలోనే ఉంది. కుర్రాణ్ని షాపుకు పంపితే గంట పడుతుంది, ఎండ ముదురుతోంది. ఇంక డిక్కీయే కదా అని అదే ముక్కతో మొదలుపెట్టేశాను. పూస్తుంటే వేళ్ల కింద సన్నగా గరుకు తగిలింది. తగిలినట్టు నాకు తెలుసు. అయినా చెయ్యి ఆపలేదు.

ట్యూబులైట్ల కింద ఏమీ కనపడలేదు. మర్నాడు పొద్దున ఎండలోకి తీసి చూస్తే డిక్కీ మీద దువ్వెనతో దువ్వినట్టు సన్నటి గీతలు, ఆ పక్కనే నీళ్ల మీద కిరోసిన్ తెట్టులాంటి రంగుల మరక. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, వంగి, చాలాసేపు చూశారు. "ఇది కడిగితే పోతుందా నాయనా?" అన్నారు. పోదండీ అని ఉన్నమాట చెప్పాను. మందు ఒకసారి గట్టిపడితే నీళ్లకూ షాంపూకూ రాదు. మళ్లీ మిషను పెట్టి కోయాల్సిందే, అంటే పై పొరను అరగదీయాల్సిందే. కోస్తే కోటింగు ఒక్కటే పోదు, దాని కిందున్న క్లియర్ కూడా కొంత పోతుంది. ఫ్యాక్టరీలో వేసిన పెయింటు మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో పైన మెరిసే క్లియర్ పొర 40, 50 మైక్రాన్లు ఉంటుంది. తల వెంట్రుక మందం సుమారు 70. వెంట్రుక కంటే పలచని ఆ పొర మీదే మా పనంతా. డబ్బు తీసుకోకుండా డిక్కీ మళ్లీ చేసిచ్చాను. కానీ కోసేసిన క్లియర్‌ను తిరిగి ఇవ్వడం నా చేతిలో లేదు. రెండు టీల ఖరీదు చేయని గుడ్డ ముక్క దగ్గర నేను చేసిన కక్కుర్తికి ఆయన కారు ఆయుష్షు కొంత తగ్గింది. ఆ మాట ఆయనకు కూడా చెప్పాను.

ఆ ముక్క ఇప్పటికీ నా బల్ల మీద మేకుకు వేలాడుతోంది. నాలుగంగుళాల చదరం, బూడిద రంగు. మధ్యలో పట్టుకుంటే గుడ్డలాగే ఉంటుంది. అంచు మీద బొటనవేలు పెట్టి లాగితే వేయించిన అప్పడంలా కరకరలాడుతుంది. గోటితో గీకితే గాజుపొడిలాంటి రవ్వలు రాలతాయి. సిరామిక్ కోటింగు సిలికా జాతి మందు. ద్రావకం ఆవిరైపోయాక గాలిలోని తేమతో కలిసి గట్టిపడుతుంది. కారు మీద ఎలా గట్టిపడుతుందో గుడ్డలోనూ అలాగే గట్టిపడుతుంది. గట్టిపడిన గుడ్డతో పూయడమంటే మెత్తని ఎమ్రీ కాగితంతో రుద్దినట్టే. కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి మొదటి రోజు ఆ ముక్కను చేతికిచ్చి అంచు తడిమి చూడమంటాను.

మా నాన్న చెక్క పాలిష్ పనివాడు. లక్కను స్పిరిట్‌లో కరగబెట్టి బీరువాలకూ మంచాలకూ పూసేవాడు. మంచి సామానుకు బ్రష్ ముట్టుకునేవాడు కాదు. దూదిని కోడిగుడ్డంత ఉండ చేసి, ఉతికి ఉతికి మెత్తబడ్డ మల్లుపంచె ముక్కలో బిగించి, దాంతో పూసేవాడు. లోపలి దూది మందును పట్టుకోవాలి, పైగుడ్డ దాన్ని కొద్దికొద్దిగా వదలాలి, గుడ్డ నూగు రాల్చకూడదు. కోటింగు పూసే ప్యాడ్, అదే అప్లికేటర్, మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు నాన్న చేతిలోని ఆ ఉండే గుర్తొచ్చింది. పని అదే. తేడా ఒక్కటుంది. ఇక్కడ లోపలి భాగం మందు తాగకూడదు. కారు మొత్తానికి వచ్చేది ఒక 30 మిల్లీలీటర్ల సీసా, మహా అయితే 50. మామూలు స్పాంజి వాడితే అందులో పెద్ద భాగం స్పాంజి పొట్టలోకే పోతుంది. అందుకే నీళ్లు పీల్చని గట్టి నురుగు దిమ్మెకు స్వేడ్ గుడ్డ చుట్టి పూస్తాం. లేదా లోపల పలచటి ప్లాస్టిక్ పొర ఉన్న మైక్రోఫైబర్ ప్యాడ్ వాడతాం. ఆ పొర ఉన్న ప్యాడ్‌ను నలిపితే లోపల కవరు చప్పుడు వినపడుతుంది. కొనేటప్పుడు నేను చూసే మొదటి గుర్తు అదే.

ఒకే ప్యాడ్ అన్నింటికీ పనికొస్తుందనుకోవడం పొరపాటు. ముద్దగా ఉండే వ్యాక్స్‌కు సన్నటి రంధ్రాల మెత్తటి గుండ్రటి స్పాంజే మంచిది. వ్యాక్స్ రాయిలా గట్టిపడేది కాదు కాబట్టి ఆ స్పాంజి ఉతికి మళ్లీ వాడుకోవచ్చు. పెయింటును కాపాడే, నీళ్లలా ఉండే సీలెంటుకు పొట్టి నూగు మైక్రోఫైబర్. ముందు అద్దానికి వాననీళ్లు జారే మందు పూయాలంటే ఫెల్ట్ (ఒత్తి గట్టిగా చేసిన నూగుగుడ్డ) ప్యాడ్, ఎందుకంటే అక్కడ కొంచెం నొక్కి రుద్దాలి. అదే ఫెల్ట్ పెయింటు మీద పెడితే గీతలు ఖాయం. చక్రాలకు వాడిన గుడ్డ చక్రాలకే. బ్రేకుల నుంచి వచ్చే ఇనపపొడి అందులో ఇరుక్కుని ఉంటుంది, ఎన్నిసార్లు ఉతికినా నమ్మకం లేదు.

సిరామిక్‌కు చాలామంది స్వేడ్ ఒక్కటే అంటారు. నేను అలా అనను. స్వేడ్ నూగు రాల్చదు, మందును పలచగా, సమంగా పరుస్తుంది, నిజమే. కానీ కొన్ని కార్ల పెయింటు చాలా మెత్తన, ముఖ్యంగా నలుపు రంగులో అది బయటపడిపోతుంది. కొత్త స్వేడ్ కూడా దాని మీద మసకలాంటి గీత వదలొచ్చు. డోరు కింది అంచున, ఎవరికీ కనపడని చోట, జానెడు మేర పూసి, తుడిచి, టార్చి వేసి చూశాకే ఏది వాడాలో తేల్చుకుంటాను. ఇంకోటి మన బెజవాడ ఎండ. డిసెంబరులో నిమిషం ఆగి తుడిచే మందు మే నెలలో చూస్తుండగానే పట్టేస్తుంది. స్వేడ్ మందును మరీ పలచగా పరుస్తుంది కాబట్టి ఇంకా త్వరగా ఆరుతుంది. అందుకే ఎండాకాలం టాపు, బానెట్‌లాంటి పెద్ద ప్యానెళ్లకు నేను పొట్టి నూగు మైక్రోఫైబర్ ప్యాడే వాడతాను. మందు కాసిని చుక్కలు ఎక్కువ తాగుతుంది, కానీ చెయ్యి జారుతుంది, తుడుచుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ నెలల్లో తెల్లారుజామున ఐదింటికి మొదలుపెట్టి ఎండెక్కే లోపు ముగిస్తాం. ఒక్కసారి పూసేది రెండడుగుల చదరమే, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. రేకు వేడెక్కాక ఎంత మంచి ప్యాడైనా ఏమీ చేయలేదు.

కొత్త రకం ప్యాడ్ తెచ్చినప్పుడు నేను చేసే పరీక్ష ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. పనికిరాని పాత సీడీ ఒకటి తీసుకుని, వెనక అద్దంలా మెరిసే వైపు ప్యాడ్‌తో పొడిగా పదిసార్లు మెల్లగా రుద్ది, సెల్‌ఫోన్ టార్చి కింద అటూ ఇటూ తిప్పి చూడండి. దాని మీద గీత పడితే నల్ల కారు మీద కూడా పడుతుందనే నేను లెక్కవేసుకుంటాను. అంచు కుట్టు దారం, కంపెనీ పేరున్న పట్టీ, రెండూ గీసేవే. పట్టీని కత్తిరించేయాలి. కింద పడ్డ ప్యాడ్‌ను దులిపి వాడకూడదు. కంటికి కనపడని ఇసుక రేణువు ఒక్కటి చాలు.

ఈ మధ్య ఒక చోట చేయించుకున్న కోటింగు మీద మరకలు కట్టాయని ఒకాయన తెల్ల కారు తెచ్చాడు. కారు ట్రావెల్స్‌లో తిప్పుకుంటాడు, పద్దెనిమిది వేలు పోశాడు. డోరు నిండా మందు ఆరిన చారలు, చారల్లో ఇరుక్కుపోయిన తెల్లటి నూలు పోగులు. బనియన్ వేస్టుతో పూసినట్టున్నారు. ఇంజను ఆయిలు తుడుచుకునే గుడ్డ అది. ఆ పద్దెనిమిది వేలు అతనికి ఎన్ని ట్రిప్పుల సంపాదనో నాకు తెలుసు. కోటింగు మందం ఒకటి రెండు మైక్రాన్లే. అది గీతలను కప్పదు, పూసేటప్పుడు పడ్డ ప్రతి గీతనూ పోగునూ తన కింద పట్టి ఉంచుతుంది. వారంటీ కాగితంలో దీని గురించి ఏమీ రాసి ఉండదు. 9హెచ్ అన్నది కూడా పెన్సిల్ ములుకుతో గీసి చూసే పరీక్షలో వచ్చే గుర్తు. పూసే చేతిలో ఏముందో అది చెప్పదు.

కాబట్టి కోటింగు చేయించుకునేవాళ్లను కోరేది ఇది. సీసా మీ ముందు తెరవమని అడుగుతున్నారు, మంచిదే. అప్లికేటర్ల ప్యాకెట్టు కూడా మీ ముందే తెరవమనండి. ఎన్ని ముక్కలు తెచ్చారో లెక్కపెట్టండి. నేనిప్పుడు రెండు ప్యానెళ్లకు ఒక ముక్క లెక్కన ఒక్కో కారుకు ఎనిమిది పక్కన పెట్టుకుంటాను. పూసేదానికీ తుడిచేదానికీ వేరువేరు గుడ్డలుండాలి. తుడిచే గుడ్డలు కూడా కోటింగు అంటాక ఉతికి మళ్లీ పెయింటు మీదికి తేకూడదు. తెలిసిన పనివాడైతే ఈ ప్రశ్నలకు చిన్నబుచ్చుకోడు. నన్ను అడిగినవాళ్లకు టీ తెప్పించి మరీ చూపించాను.

తోటి షెడ్డు యజమానులకూ ఒక మాట. పనికుర్రాళ్లకు గుడ్డలు లెక్కపెట్టి ఇవ్వకండన్నా. ప్యాకెట్టు అయిపోతే మిగతా పని రేపటికి ఆపే ధైర్యం వాళ్లకు ఉండాలంటే ఆపినందుకు మీరు తిట్టకూడదు. చేతి గ్లవ్స్ కూడా ప్యాకెట్టుతో పాటే ఇవ్వండి. ఆ మందు గుడ్డకు పట్టినట్టే చర్మానికీ పడుతుంది.

సంపాదకుల వారిని వేడుకునేది ఒక్కటే. మోటారు పేజీలో ఈసారి కోటింగుల పట్టిక వేసినప్పుడు కంపెనీ, ధర, వారంటీ గళ్ల పక్కన 'దేంతో పూస్తారు' అని ఇంకో గడి పెట్టించండి. అందులో ఏం రాయాలో చెప్పడానికి ఆటోనగర్‌లో మాలాంటి వాళ్లం చాలామందిమి ఉన్నాం. మీ విలేకరిని ఏ రోజైనా పొద్దున ఆరింటికి పంపండి, ఎండెక్కక ముందు పని జరుగుతుండగా చూపిస్తాం.

ఇట్లు,
ఒక కారు పెయింటర్,
ఆటోనగర్, విజయవాడ.