ప్యాకేజీలో దొరికేది పోర్ట్‌ఫోలియో కాదు

సంపాదకులకు,

ఇంటర్ రెండో ఏడాదిలోకి వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ఈమధ్య చిత్రకళ నేర్పే మమ్మల్ని అడుగుతున్నది ఒక్కటే: ‘పోర్ట్‌ఫోలియో ఎక్కడ చేసిపెడతారు, ప్యాకేజీ ఎంతవుతుంది?’ పోర్ట్‌ఫోలియో అంటే కళ, డిజైన్ కళాశాలల్లో సీటు కోసం విద్యార్థి తను వేసినవాటిలోంచి ఏరి పంపే పనుల ఫైలు. అసలు అవసరమా అన్నది ముందు చూసుకోవాలి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) సీటుకు ప్రవేశపరీక్ష రాయాలి. మెమరీ డ్రాయింగ్ (గుర్తున్నది గీయడం), రంగులు, డిజైన్ అందులోనే చూస్తారు. ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో బీడిజైన్ (డిజైన్ డిగ్రీ)కు రాతపరీక్షల తర్వాత సిచుయేషన్ టెస్ట్ ఉంటుంది, ఇచ్చిన సామగ్రితో అక్కడే నమూనా చెయ్యాలి. పోర్ట్‌ఫోలియో ఎక్కువగా కావలసింది విదేశాలకు వెళ్లేవారికి. అమెరికాలోని రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ 12 నుంచి 20 పనులు అడుగుతుంది. అంటే కనీసం 40 వేసి, అందులోంచి 15 ఏరుకోవాలి. నాసిరకం బొమ్మలతో 20 నింపితే మంచివాటి విలువ కూడా పడిపోతుంది.

ఏరినవాటిలో సగమైనా ఎదురుగా పెట్టుకుని చూసి వేసినవి ఉండాలి. మన పిల్లల ఫైళ్లలో ఉండేవి సినిమా నటుల ముఖాలు, ఫోన్‌లో ఫొటో చూసి గళ్లు గీసి దించినవి. ఎంత నున్నగా షేడింగ్ చేసినా దొరికిపోతాయి. దగ్గర్నుంచి తీసిన ఫొటోలో ముక్కు పెద్దదవుతుంది, నీడంతా ఒకే నల్లమచ్చవుతుంది, అంచులన్నీ ఒకే పదునుతో ఉంటాయి. ఆ తప్పులన్నీ బొమ్మలోకి దిగుతాయి. దానికి బదులు ఒక స్టీలు చెంబు, రెండు ఉల్లిపాయలు, నలిగిన తువ్వాలు తీసుకుని ఒకే పక్కనుంచి దీపం పెట్టి వెయ్యమనండి. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో మనుషులు కదులుతూనే ఉంటారు కాబట్టి రెండేసి నిమిషాల స్కెచ్‌లు, అవీ బాల్‌పెన్‌తో. పెన్సిలిస్తే చెరుపుతూ కూర్చుంటారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి విగ్రహం దగ్గర చాలామంది బట్ట మడతలు గీస్తూ పోతారు, కింద తల ఆకారం ఉండదు. ముందు తల, ఆ తర్వాతే ముసుగు. మ్యూజియంకు శుక్రవారం సెలవు, స్కెచ్ వేసేముందు సిబ్బందిని అడగాలి.

స్కెచ్‌బుక్‌లోంచి కుదరని చిత్తు ఆలోచనలతో సహా రెండు మూడు పేజీలు పెట్టాలి. ‘ఇవి బాగాలేవు’ అని చింపేది సాధారణంగా తల్లిదండ్రులే! పిల్లలు వేసిన బొమ్మను మాస్టారే దిద్దిపెట్టడం అంతకన్నా చేటు. పదిమంది ఫైళ్లలో ఒకే షేడింగ్ కనిపిస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

150 జీఎస్‌ఎం (కాగితం మందాన్ని చెప్పే కొలత, చదరపు మీటరుకు గ్రాములు) కార్ట్రిడ్జ్ డ్రాయింగ్ షీట్ మీద వాటర్‌కలర్ వేస్తే కాగితం ఉబ్బుతుంది, ఆ మిట్టల నీడలు ఫొటోలో పడతాయి. 300 జీఎస్‌ఎం వాడాలి. చార్‌కోల్ (బొగ్గు) బొమ్మకు, పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రేను అడుగు దూరం నుంచి పల్చగా రెండుసార్లు, గాలి ఆడే చోట కొట్టాలి. ఒకేసారి తడిసేలా కొడితే మరకలు కడుతుంది. లామినేషన్ మాత్రం వద్దు, బొమ్మల మధ్య బటర్ పేపర్ చాలు.

ఎక్కువ పాడయ్యేది ఫొటోల దగ్గరే. స్కానింగ్ యాప్ కాగితాన్ని తెల్లగా చెయ్యబోయి పెన్సిల్ లేతఛాయలన్నీ మింగేస్తుంది. కిటికీ వెలుతురుకు ట్యూబ్‌లైట్ కలిస్తే కాగితం ఒకవైపు ఒక రంగు, ఇంకోవైపు ఇంకో రంగు. లైట్లు ఆర్పి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బొమ్మను గోడకు నిలువుగా బిగించాలి. ఫోన్‌ను మీద మీదకు తీసుకెళ్తే అంచులు వంగుతాయి. ఐదడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌తో, బొమ్మ మధ్యభాగం ఎత్తులో ఫోన్ పట్టుకుని తియ్యాలి. పెన్సిల్ మెరుస్తుంటే వెలుతురు పక్కనుంచి వచ్చేలా బొమ్మ స్థానం మార్చాలి. శిల్పమైతే సాదా గోడ ముందు మూడు కోణాలు. ఫిల్టర్లు, ఫ్రేములు వద్దు. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన ఫైలు కుదించుకుపోతుంది, ఒరిజినల్‌నే అప్‌లోడ్ చెయ్యాలి. ప్రతి పనికీ మాధ్యమం, సెంటీమీటర్లలో కొలత, వేసిన ఏడాది రాయాలి.

ఇదంతా సాగడానికి ఎనిమిది నెలలు కావాలి, డిసెంబర్‌లో మొదలుపెట్టి జనవరిలో పంపలేరు. ఏ కళాశాల పోర్ట్‌ఫోలియో అడుగుతుంది, ఏది పరీక్ష మాత్రమే పెడుతుంది అన్న పట్టికను మీ విద్యా పేజీలో ఏటా జూన్‌లోనే వేస్తే, అక్కర్లేని ప్యాకేజీకి డబ్బు కట్టే బాధ కొందరికైనా తప్పుతుంది.

– కొందరు చిత్రకళా ఉపాధ్యాయులు, హైదరాబాద్