24 మంది సరిపోతారా అన్న ప్రశ్నకు

అమ్మలూ,

24 మంది మహిళా కౌలు రైతులతో మాట్లాడి రాష్ట్రం గురించి ఎలా చెబుతావని నీ పరిశోధన కమిటీలో ఒకాయన అడిగితే నీకు నోరు పెగల్లేదన్నావు. సర్వీసంతా నేనూ అడిగిన ప్రశ్నే అది. గణాంక శాఖలో పంట కోత ప్రయోగాలు చేసినవాణ్ణి కదా! యాదృచ్ఛిక సంఖ్యలతో సర్వే నంబరు తీసి, చేలో అడుగులు లెక్కపెట్టి, 5 మీటర్లకు 5 మీటర్లు తాడు కట్టి, కోయించి, నూర్పించి తూకం వేసేవాళ్లం. అలాంటి ముక్కలు కొన్నింటితో దిగుబడి అంచనా కట్టగలిగామంటే, ఏ ముక్క పడాలన్నది మా చేతిలో లేదు గనకే. "పాడైన చోట కట్టండి సార్, బీమా వస్తుంది" అని రైతు బతిమాలినా జరిగేవాణ్ణి కాదు.

నీ 24 మందీ అలా వచ్చినవాళ్లు కాదు. మూడో అధ్యాయంలో రెండు చోట్ల "అత్యధిక మహిళలు" అని రాశావు, కొట్టెయ్.

కానీ ఒక ఏడాది దివిసీమలో తూకం మరీ పడిపోయింది. నా ఫారంలో కిలోలకు గడి ఉంది, కారణానికి లేదు. గట్టు మీద నిలబడ్డ రైతు చెప్పాడు: ఎగువ వాళ్లు తూములు తెరుచుకుంటే, పైరు పొట్ట మీదుండగా శివారుకు నీళ్లందలేదట. ఒక్కడి మాటే. అయినా కాలువ శివారున్న ఏ ఊరికైనా వెళ్లి అడగదగ్గ మాట. బోర్ల కింద పండే ఊళ్లో దానికి పని లేదు.

నువ్వు పట్టుకున్నదీ అలాంటిదే. కౌలు కార్డుకు పొలం యజమాని సంతకం కావాలంది ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం. సంతకం పెడితే పొలం చేజారుతుందని ఆయన భయం. దాంతో కార్డు రాక, కౌలుకు చేసే ఆవిడకు బ్యాంకులో అప్పు పుట్టదు. ఎంతమందికి ఇలా అవుతోందంటే నీ దగ్గర జవాబు లేదని ఒప్పేసుకో.

సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో కొడగువాళ్ల మీద రాసిన పుస్తకం నుంచే సంస్కృతీకరణ (కింది కులాలు పై కులాల ఆచారాలను అనుకరించడం) అన్న మాట దేశమంతా తిరిగింది. చిన్న కొడగు! తిరిగినచోట దెబ్బలూ తింది. అనుకరించేది బ్రాహ్మణులనే కాదు, ఊళ్లో పెత్తనమున్న కులాన్ని కూడా అని ఆయనే తర్వాత సవరించుకున్నాడు. నాకు ఆ సవరణంటేనే గౌరవం.

పరిశోధన పద్ధతుల మీద రాసిన లింకన్, గూబాల ట్రాన్స్‌ఫరబిలిటీ (ఒకచోట తేలింది ఇంకోచోటికి సరిపోవడం) గురించి రాశావు గానీ వాళ్లు చెప్పిన పని చెయ్యలేదు. తన ఊరికి సరిపోతుందో లేదో చదివేవాడు తేల్చుకోవాలంటే వివరం ఉండాలిగా? ఎకరాకు కౌలు ఎన్ని బస్తాలు, ముందే కట్టాలా, యజమాని ఊళ్లో ఉంటాడా, హైదరాబాద్‌లోనా? ఒక్కటీ రాయలేదు.

ఆదివారం వచ్చేటప్పుడు నోట్సు పుస్తకాలు తీసుకురా, కూర్చుని చూద్దాం. మీ అమ్మ మాగాయ ఎండబెడుతోంది.

నాన్న